కూర్చుంటేనే తెరుచుకునే సంచి

ఫోన్‌లో ఆమె ఏడవలేదు. "మీ మాస్టర్ పోయిండు సారూ, తెల్లారంగ" అంది. నేనేదో అనబోయేలోపే రెండో మాట అడిగింది. "గా బ్యాగు మీ తాననే ఉన్నదా?"

ఉందన్నాను.

"ఎవ్వలకియ్యకుండ్రి" అని పెట్టేసింది.

ఆమె మా దర్జీ భార్య. అమీర్‌పేటలో మెట్రో లైను కింద, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఆకాశాన్ని మూసేసిన ఒక సందులో ఆయన దుకాణం. చేతులు బార్లా చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఆ సందులో అందరూ ఆయన్ని మాస్టర్ అనేవారు. నలభై ఏళ్ళు ఇతరుల పుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్ది బతికినవాణ్ణి నేను. గొప్పవాళ్ళనిపించుకున్న చాలామంది చిత్తుప్రతులు చూశాను. ఒక మనిషిని మాస్టర్ అని మనస్ఫూర్తిగా పిలవడం మాత్రం ఆ దుకాణంలోనే మొదలుపెట్టాను.

మేమిద్దరం వెళ్ళే ట్రెక్కింగ్ క్లబ్బు నన్ను ఆయన మీద నాలుగు మాటలు రాసిమ్మంది. "రెండొందల పదాలు చాలు సర్. కొంచెం పాజిటివ్‌గా ఉంటే బాగుంటుంది" అన్నాడు దాని కెప్టెన్. ఇది కెప్టెన్ అడిగిన వ్యాసం కాదు. ఇందులో పదాలు ఎక్కువ, పాజిటివ్ తక్కువ.

అరవై ఎనిమిదో ఏట డాక్టర్ నడవమంటే ఆ క్లబ్బులో చేరాను. ఆదివారం తెల్లవారుజామున పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర బస్సెక్కితే గంటన్నరలో ఏదో ఒక గుట్ట పాదానికి చేరుస్తారు. నాలుగో ప్రయాణానికే నా మోకాళ్ళు సగం దారిలో ఆగిపొమ్మన్నాయి. పైన ఏముందో కుర్రవాళ్ళు చూసి వస్తుంటే నేను బండమీద కూర్చుని బిస్కెట్లు తినేవాణ్ణి. ఆ ఉక్రోషంతో ఒక కెమెరా డ్రోన్ కొన్నాను. అరచేతిలో పట్టేంత బూడిదరంగు వస్తువు. బేగంపేట విమానాశ్రయం పక్కనే ఉంది కాబట్టి మా పేటలో ఎగరేయకూడదు. డబ్బాలోంచి తీసి మంచం మీద పెట్టుకుని చూశానంతే. మామూలు వీపుసంచిలో వేసి కొండకు తీసుకెళ్తే మొదటిసారే నీళ్ళసీసా ఒరుసుకుని ఒక రెక్క విరిగింది. అప్పుడు దాన్ని మాస్టర్ దగ్గరికి పట్టుకెళ్ళాను.

ఆయన దాన్ని బల్లమీద పెట్టి, పసివాడికి చొక్కా కొలత తీసినట్టు టేపుతో అన్ని వైపులా కొలిచాడు.

"ఇది ఏడ తీస్తరు సార్ బయటికి?"

"కొండమీద. అంచున నిలబడి ఎగరేస్తే లోయంతా పడుతుందట."

చేతిలో సుద్ద పక్కన పెట్టాడు. "అంచుకు నిలవడి, ఎనకకు చెయ్యి పెట్టి, ఇది గుంజుతరా?"

"అందరూ అలాగే చేస్తారు మాస్టర్."

"అందరు గుండీలు తప్పు పెట్టుకుంటే నేను కాజాలు తప్పు కుడ్తనా?"

వారం తర్వాత నీలం కాన్వాసు సంచి నా చేతిలో పెట్టాడు. నేను అటూ ఇటూ తిప్పాను. డ్రోన్ పెట్టే అర ఎక్కడా కనిపించలేదు. అది వీపుకు ఆనే వైపు ఉంది. సంచి భుజాలమీద ఉండగా దాన్ని మోసేవాడూ తెరవలేడు, వెనకవాడూ తెరవలేడు. సంచి దించాలి, నేలమీద బోర్లా పెట్టాలి, పక్కన కూర్చోవాలి. అప్పుడే జిప్పు చేతికందుతుంది. బ్యాటరీలకు అడుగున వేరే అర, వాటికి ఎండ తగలకుండా పాత దుప్పటిగుడ్డతో అస్తరు.

"కూసుంటెనే తెర్చుకుంటది సార్. నిలవడితె తెర్చుకోదు."

"ఇదేం చాదస్తం?"

"మా నాయిన మగ్గం గుంటల కాళ్ళు పెట్టి కూసుంటెనే చేతులు ఆడేటియి. నిలవడ్డోని పానం సగం కాళ్ళల్ల ఉంటది. చేతులు ఖాళీగుండయి."

ఆయనది నేతగాళ్ళ ఇల్లు. మగ్గాలు ఆగిపోయాక సిరిసిల్ల వైపు నుంచి ఇరవై ఏళ్ళ వయసులో వచ్చి ఈ సందులో మిషన్ పెట్టుకున్నాడు. కుట్టిన సంచి ఎలా కూర్చుందో మోసి చూస్తేనే తెలుస్తుందని ఆ ఆదివారం నాతోపాటు బస్సెక్కాడు. ఆ తర్వాత మూడేళ్ళు ఒక్క ఆదివారం మానలేదు. నేను సగంలో ఆగిపోతే సంచి ఆయన భుజానికి మారేది. పైన డ్రోన్ నడిపేది కెప్టెన్. అది పైనుంచి తీసిన బొమ్మల్ని నేను సాయంత్రం ఇంట్లో ఫోన్‌లో చూసేవాణ్ణి.

బస్సు దిగగానే ఆయన చేసే మొదటి పని, వరుసగా నిలబడ్డవాళ్ళ సంచుల కింద చెయ్యిపెట్టి కాస్త లేపి చూడటం. "బిడ్డా, నీది ఎడమకు గుంజుతున్నది, సీసా ఇటు మార్చు." "తమ్మీ, గా పట్టీ భుజానిది కాదు, నడుముది. నడుముకు కట్టు." సాఫ్ట్‌వేర్ పిల్లలు మొదట నవ్వారు. రెండో నెలకు వాళ్ళే వచ్చి ఆయన ముందు వీపు తిప్పి నిలబడేవారు. టీకి ఆగితే మూడు చెంచాల చక్కెర వేయించుకునేవాడు. ఈ చక్కెర సంగతి గుర్తుపెట్టుకోండి.

డ్రోన్ చప్పుడంటే మాత్రం ఆయనకు పడేది కాదు. మొదటిసారి అది లేచినప్పుడు కెప్టెన్ ఈలలు వేయిస్తుంటే ఈయన నాలుగడుగులు వెనక్కి వేశాడట. కిందికి దిగివచ్చాక నాతో అన్నాడు: "గుడ్డ లేకుంట మిషిన్ తొక్కినట్టున్నది సార్, దాని సప్పుడు."

దర్జీలకు అదొక పట్టింపు. ఉత్త కత్తెర ఆడించరు, గుడ్డను నొక్కిపట్టే పాదం కింద ఏమీ లేకుండా మిషన్ తిప్పరు. ఆయన రోజూ దుకాణం మూసేముందు ఏదో ఒక పీలిక పాదం కింద పెట్టి, సూది దించి వెళ్ళేవాడు. "ఖాళీ మిషిన్ ఎవన్నో అడుగుతది" అనేవాడు. నేను నాస్తికుణ్ణి, చాలా పుస్తకాలు చదివాను, నవ్వాను. కానీ గుట్టల మీద ఆ చప్పుడు లేవగానే ఎక్కడినుంచో గద్దలు వచ్చి దాని చుట్టూ తిరిగేవి. కింద బండమీద కూర్చున్న నాకు డ్రోన్ కనిపించేది కాదు, గద్దలు కనిపించేవి. మెల్లిగా, ఒకటి తర్వాత ఒకటి, గుండ్రంగా. వాటిని చూసి పైన పని మొదలైందని తెలుసుకునేవాణ్ణి.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. ఖాతాదారు అడిగింది తనకు నచ్చకపోయినా కాదనడు. కుడతాడు, కానీ ఎర్రదారంతో కచ్చాకుట్టు వేసిస్తాడు. నేనొకసారి లాల్చీకి జేబు కుడిపక్క పెట్టమన్నాను. పెట్టాడు, ఎర్రదారంతో. "వారం తొడుగుండ్రి. అప్పుడు సుత గట్లనే కావాల్నంటె పక్కా ఏస్త." నాలుగో రోజుకే కళ్ళజోడు కోసం ఎడమవైపు తడుముకుని తడుముకుని విసిగి, వెళ్ళి మార్పించుకున్నాను. ఆయన ఎర్రదారం లాగి వేలికి చుట్టుకున్నాడంతే. ఆ సందులో ఎందరి చొక్కాల్లోనో, జాకెట్లలోనో ఆ దారం వారంపాటు ఉండి, తర్వాత ఊడిపోయింది. మనిషి తన తప్పు తానే చూసుకోవడానికి అంత గడువిచ్చినవాళ్ళు నా వృత్తిలో నాకు కనిపించలేదు. మేం మార్జిన్‌లో తప్పు గుర్తు పెట్టి, వెక్కిరించి, పంపేసేవాళ్ళం.

ఇక నా సంగతి చెప్పాలి. కెప్టెన్ ఆ డ్రోన్ బొమ్మల్ని కూర్చి వీడియోలు చేసేవాడు. వాటికి తెలుగులో వ్యాఖ్యానం రాసిమ్మని నన్నడిగాడు. రాశాను. ఒక కుర్రవాడి గొంతులో నా వాక్యాలు విన్నాను. నా సొంత పుస్తకాలు రెండున్నాయి. వాటి ప్రతులు ఇప్పటికీ నా మంచం కిందే ఉన్నాయి. ఈ వీడియోల కింద మాత్రం ఎవరెవరో మనుషులు "ఆ మాటలు ఎవరివండీ?" అని అడిగేవారు. డెబ్బై దాటాక ఆ ప్రశ్న ఎంత మత్తుగా ఉంటుందో నాకు తెలుసు. ఇంకా కావాలనిపించింది.

సాయంత్రం వెలుగులో తీసినవే జనానికి నచ్చేవి, అందుకని కొన్ని ఆదివారాలు మధ్యాహ్నం బయల్దేరేవాళ్ళం. ఆ వెలుగు పది నిమిషాలుంటుంది. మాస్టర్ మాత్రం సంచి దించి, చోటు చూసుకుని, మట్టి దులుపుకుని, కూర్చుని, జిప్పు తీసేవాడు. "మాస్టర్ అన్న కూర్చునేలోపు సూర్యుడు కూర్చుంటున్నాడు సర్" అన్నాడు కెప్టెన్ ఒకరోజు. నేను నవ్వాను. మర్నాడే సంచి పట్టుకుని దుకాణానికి వెళ్ళాను.

"పక్కన ఒక జిప్పు పెట్టాలి మాస్టర్. భుజాన ఉండగానే వెనకవాళ్ళు తీసుకునేట్టు."

ఆయన మిషన్ ఆపాడు. "ఎవలన్న ఎనకనుంచి గుంజుతరు సార్."

"గుంజడానికే కదా."

"మోసెటోడు ఏడ నిలవడ్డడో గుంజెటోనికి ఏమెరుక?"

"వాళ్ళు చిన్నపిల్లలా? నువ్వు కుట్టు."

మూడేళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. ఆయనకు వినబడింది. తల దించుకుని, "కుడ్త సార్" అన్నాడు.

కుట్టాడు. అందమైన జిప్పు, వేలు తగిలితే చాలు జారేట్టు. దాని మీద, ఈ చివరినుంచి ఆ చివరిదాకా, మూసేస్తూ ఎర్రదారం. "వారం ఉంచుండ్రి" అన్నాడు.

ఉంచాను. ఆరు రోజులు. శనివారం మధ్యాహ్నం భోజనమయ్యాక గోళ్ళు తీసుకునే కత్తెరతో ఆ దారం తెంపాను. ముక్కలు ముక్కలుగా వచ్చింది. సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. "సార్, బ్యాగు జర తెచ్చియ్యుండ్రి. ఒక్క కుట్టున్నది."

"వస్తాలే" అన్నాను. వెళ్ళలేదు. మా ఇంటికీ దుకాణానికీ మధ్య నడక రెండు నిమిషాలు.

ఆ గుట్ట పేరు ఇక్కడ రాయను. రాస్తే రేపే పదిమంది సంచులు సర్దుకుంటారు. ఆ ఆదివారం కూడా మధ్యాహ్నమే బయల్దేరాం, సాయంత్రపు వెలుగు కోసం. సగం దారిలో నేను ఆగి సంచి ఇచ్చాను. ఆయన ఎప్పటిలా కింద చెయ్యిపెట్టి లేపి చూశాడు. తర్వాత బొటనవేలు పక్క జిప్పు పొడుగునా నడిపాడు.

"తీసేసిండ్రా?"

"వెలుగు పోతుంది మాస్టర్, వెళ్ళండి" అన్నాను. మళ్ళీ మీరు అన్నాను. అదేదో సరిదిద్దుతుందన్నట్టు.

ఆయన సంచి తగిలించుకుని నడుం పట్టీ బిగించి వెళ్ళాడు. నేను బండమీద కూర్చుని ఆకాశం చూస్తూ ఆ రోజు వ్యాఖ్యానానికి మొదటి వాక్యం కట్టుకుంటున్నాను. మంచి వాక్యం. ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడ రాయను. గద్దలు వస్తాయని ఎదురుచూశాను. రాలేదు. చప్పుడూ రాలేదు. ఎండ బండలమీద ఎర్రబడి, తగ్గి, పోయింది. తర్వాత పైనుంచి ఎవరో నన్ను కాదు, అంబులెన్సును పిలుస్తున్న కేక వినిపించింది.

మాస్టర్‌ని గుడారం గుడ్డలో మోసుకుని దించారు. తుంటి విరిగింది. ఆసుపత్రిలో మూడు వారాలున్నాడు. ఎముక అతుకుతుందన్నారు. ఊపిరితిత్తులకు నీరు పట్టింది.

నేను వెళ్ళినప్పుడల్లా ఆయన నా సంచి గురించే మాట్లాడాడు. "జిప్పు మంచిగనే నడిచింది సార్. ఏడ ఆగలె" అన్నాడు మొదటి రోజు, కుట్టిన వస్తువు గురించి ఖాతాదారుకు భరోసా ఇస్తున్నట్టు. నేను ఏం జరిగిందని అడగలేదు. రెండోవారంలో ఆయనే చెప్పాడు. "కెప్టెన్ సాబు 'ఆణ్నే ఉండు మాస్టరన్నా, కదలకు' అన్నడు. అంచుకున్న. డ్రోన్ రెక్క పట్టీకి చిక్కింది. వెలుగు పోతున్నదని గట్టిగ గుంజిండు." దుప్పటి అంచు వేలితో తడుముతూ, "నేను కూసోలె సార్" అన్నాడు. తప్పు తనదే అన్నట్టు.

ఆయన పోయిన అయిదో రోజు పంజాగుట్టలో ఒక హాలులో సంతాపసభ పెట్టారు. తెరమీద వీడియో. నా డ్రోన్ తీసిన కొండలు, సంగీతం, ఒకచోట చీమంత మనిషి. అది ఆయనే అన్నారు. కెప్టెన్ మైకు పట్టుకున్నాడు. "మాస్టర్ అన్నకు షుగర్ ఉండేది ఫ్రెండ్స్. ఆ రోజు డౌన్ అయ్యి కళ్ళు తిరిగాయి. తనకిష్టమైన చోటే చివరిసారి నిలబడ్డాడు."

మూడు చెంచాల చక్కెర తాగే మనిషి. ఆసుపత్రి కాగితాల్లో ఎక్కడా ఆ జబ్బు లేదు, నేను చదివాను, చదవడమే నా పని. కానీ నేను రెండో వరసలో కూర్చుని ఉన్నాను, లేవలేదు. లేస్తే జిప్పు ఎవరు పెట్టమన్నారని అడుగుతారు. కెప్టెన్‌కు అది తెలుసు. మైకు దించుతూ నా వైపే చూశాడు, పెద్దవాడికి గౌరవం ఇస్తున్నట్టు తల వంచాడు. అచ్చులో చాలా అబద్ధాలు దిద్దకుండా వదిలాను, జీతం కోసం. ఇది మాత్రం ఉచితంగా వదిలాను.

బయట టీ దగ్గర కెప్టెన్ నా భుజమ్మీద చెయ్యేశాడు. "సర్, మీ దగ్గరున్న బ్యాగ్ రెండ్రోజులు ఇవ్వాలి. అదే మోడల్ క్లబ్బు తరఫున తెస్తున్నాం. 'మాస్టర్ బ్యాగ్' అని పేరు. ఆయన గుర్తుగా."

"వీపు వైపు జిప్పు ఉంటుందా?"

"అది తీసేశాం సర్, ఎవరు కూర్చుంటారు? పక్క జిప్పే దాని అందం."

"ఇవ్వను."

"అయ్యో, పర్లేదు సర్. ఫోటోలు, కొలతలు ఉన్నాయి. బోరబండలో పన్నెండు ఆల్రెడీ కుట్టించేశాం. వచ్చే ఆదివారం ఆ గుట్టకే వెళ్తున్నాం. ట్రిబ్యూట్ ట్రెక్. మీరు రెండు వాక్యాలు రాసివ్వండి చాలు."

ఆ రాత్రి నిద్రపట్టలేదని రాయను. నిద్రపోయాను. పొద్దున్నే సంచి తీసుకుని దుకాణానికి వెళ్ళాను.

షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళాను. ఆమె నేలమీద కూర్చుని ఉంది. సంచి ముందు పెట్టాను. చెప్పవలసింది నిలబడి చెప్పబోయి, మోకాళ్ళు సహకరించకపోయినా గోడ పట్టుకుని కిందికి దిగి, కూర్చుని చెప్పాను. "ఆ ఎర్రదారం తెంపింది నేనే. శనివారం ఆయన పిలిస్తే రానిది కూడా నేనే."

"ఎరుకనే సారూ" అంది. జిప్పు ఒకసారి ఇటు లాగింది, అటు లాగింది. చప్పుడు లేకుండా జారింది. "గా శనారం పొద్దుమీకి మిషిన్‌కు ఎర్రదారం ఎక్కిచ్చి కూసున్నడు. 'సార్ వస్తనన్నడు, రెండు వరసలు గట్టిగ కొడ్త, కత్తెరకు సుత తెగొద్దు' అన్నడు. టీ తెస్తె తాగలె. పక్క దుకాణాలన్ని బందైనా షట్టర్ దించలె."

"ఇప్పుడు కుట్టించనా? ఎవరినైనా పిలిచి?"

"ఎవలొద్దు. ఆయన పని. నేనే కుడ్త." మిషన్ వైపు చూసింది. "దినాలు అయ్యెదాక ముట్టద్దు. అయినంక కుడ్త. అందుకే ఎవ్వలకియ్యకుండ్రి అన్న."

దినాలు వచ్చే బుధవారానికి అవుతాయి. వాళ్ళు వెళ్ళేది ఆదివారం. ఇది రాస్తున్నది శనివారం. కెప్టెన్‌కు రెండు వాక్యాలు కావాలి కాబట్టి పంపాను: "దించి, కూర్చుని తీయండి. ఆయన చనిపోయింది షుగర్‌తో కాదు." కెప్టెన్ బొటనవేలు గుర్తు ఒకటి పంపాడు. చదివాడో లేదో ఆ గుర్తు చెప్పదు.

సంచి ఆ దుకాణంలోనే, మిషన్ బల్లమీద ఉంది, పక్క జిప్పు తెరిచి. పాదం కింద ఆయన ఆ శనివారం పెట్టిన పీలిక, అదే నీలం కాన్వాసుది, ఇంకా అలాగే ఉంది. సూది అందులోకి దిగి ఉంది. కండెనుంచి సూదిదాకా ఎర్రదారం బిగుతుగా సాగి ఉంది. పైన మెట్రో రైలు వెళ్ళినప్పుడల్లా అది సన్నగా వణుకుతుంది. ఆదివారం మొదటి రైలుకూ వణుకుతుంది.